ఒక అర వెనక

ఆ వానాకాలంలో మా అమ్మకి ఆలస్యంగా రావడం అలవాటైంది. వినేవాళ్ళకి ఇదేం పెద్ద విషయంలా అనిపించదు. కానీ మా అమ్మని చూసి వీధివాళ్ళు గడియారాలు సరిచేసుకునేవాళ్ళు. ఆమె నాట్యం నేర్పేది. అయిదింటికి సాధన అంటే అయిదుకి మొదటి అడుగు పడాలి. ఆ తర్వాత వచ్చినవాళ్ళు మెట్ల మీద కూర్చుని చూడాల్సిందే, లోపలికి అడుగు పెట్టడానికి వీల్లేదు. అలాంటి మనిషి, తొలివానలు పడ్డ వారంలో, మేమందరం హాల్లో వలయం కట్టి నిలబడి ఎదురుచూస్తుంటే, జుట్టు ముడేసుకుంటూ, తనలో తను నవ్వుకుంటూ మెట్లెక్కి వచ్చింది.

"ఏంటలా చూస్తారు, రానే వచ్చాగా" అంది.

ఆ మాట అమ్మది కాదు. ఎవరిదో హాల్లో ఉన్న పెద్దవాళ్ళందరికీ తెలుసు. డోలు వాయించే తాత తల వంచుకుని తాడు బిగించుకున్నాడు.

మేముండేది మూడంతస్తుల పాత కట్టడంలో. కింద వీధి వైపు రెండు గదులు. ఒకటి నాన్న టైలరింగు షాపు, రెండోది ఇస్త్రీ షాపు. మధ్య అంతస్తులో మా కాపురం. పైన చెక్క నేల ఉన్న పెద్ద హాలు. హాలు నగరానిది, అమ్మమ్మ కాలం నుంచి నాట్యానికని మాకు వదిలారు. ఏటా వానలు తగ్గుముఖం పట్టాక ఆ హాల్లోనే ప్రదర్శన. ఎనిమిది మంది చేతులు పట్టుకుని తిరిగే వలయ నాట్యం. ఎనిమిది చోట్లు, ఏడుగురు మనుషులు. ఎనిమిదో చోటు పిన్నిది.

పిన్ని అంటే అమ్మ చెల్లెలు. నేను పుట్టకముందే పోయింది. అమ్మకి కుడి పక్కన నిలబడి ఆడేదట. అడుగు అందంగానే పడేది గానీ తాళానికి ఒక అర, అంటే అర దెబ్బ, వెనక పడేది. "ఆలస్యం అమృతం విషం" అని అమ్మమ్మ ఎంత తిట్టినా నవ్వేదే తప్ప మారలేదు. చివరికి ఆ సామెతలో మొదటి మాట మిగిలి ఆవిడ ముద్దుపేరైంది. ఒక వానాకాలంలో, ప్రదర్శన వారంలో పడిందనగా జ్వరమొచ్చి పోయింది. వలయాన్ని ఏడుగురికి కుదించి మళ్ళీ సాధన చేయడానికి వ్యవధి లేదు. అమ్మ కుడిచెయ్యి ఖాళీలోకి చాచి, వేళ్ళు మూసి, పక్కన చెల్లెలున్నట్టే ఆడింది. ఆ ఏడు అవసరానికి చేసింది. మరుసటేడు అలవాటైంది. ఆ తర్వాత నియమమైంది. నాన్న ఏటా గౌన్లు కుట్టేటప్పుడు పిన్ని నీలం గౌనుని కూడా దులిపి, సాధన మొదలైన రోజే హాల్లో కొక్కేనికి తగిలించేవాడు.

ఖాళీకి అటు పక్క అమ్మ, ఇటు పక్క నేను. అక్కడ నిలబడ్డ మొదటి రోజు నుంచీ నా ఎడమచేతిలో బరువు తెలిసేది. నిద్రపోయిన పసిపిల్ల చెయ్యంత బరువు. తాళం నడుస్తుంటే ఆ చెయ్యి కొంచెం వెనక్కి లాగేది. ఆ చోట నిలబడితే ఎవరికైనా అలాగే ఉంటుంది కాబోలనుకుని ఎవరినీ అడగలేదు. నిజం చెప్పాలంటే, అడిగితే లేదంటారేమోనని భయం.

ఆ ఏడు సాంస్కృతిక శాఖ అధికారి గొడుగు మడుచుకుంటూ నాన్న షాపులోకి వచ్చాడు. రెండేళ్ళ కిందట ఎగువన ఆనకట్ట కట్టి కొన్ని ఊళ్ళు ముంచారు. ఆ ఊళ్ళవాళ్ళు మా వీధికి వచ్చి స్థిరపడ్డారు. వాళ్ళ భాష వేరు, వాళ్ళ వంటింటి వాసన వేరు. సెలవురోజు వీధి మొగలో వాళ్ళూ వలయం కట్టి ఆడేవాళ్ళు, మా నాట్యం కంటే జోరుగా. అది చూడ్డానికి జనం గుమిగూడేవారు. మా హాలుకేమో వచ్చేవాళ్ళు తగ్గారు. అప్పటికే మా ఏడుగురిలో ఇద్దరు వ్యాయామం క్లాసులంటూ మానేశారు.

"ఈసారి మీ వలయం, వాళ్ళ వలయం కలిపి ఒకటే చెయ్యండి" అన్నాడు అధికారి. "కొత్తవాళ్ళూ పాతవాళ్ళూ చెయ్యీ చెయ్యీ పట్టుకున్నట్టు ఫోటో రావాలి. లేదంటే హాలు వేరేవాళ్ళు అడుగుతున్నారు, నేను ఆపలేను."

"రెండు చొక్కాలు కలిపి కుడితే ఒక చొక్కా అవదండీ" అన్నాడు నాన్న కత్తెర పక్కన పెట్టి. "నాలుగు చేతులొస్తాయి."

"నాలుగు చేతులొస్తే మరీ మంచిది" అని అధికారి వెళ్ళిపోయాడు.

కొత్తవాళ్ళ నాట్యానికి పెద్ద ఎవరో కాదు, మా కింద ఇస్త్రీ షాపు ఆవిడే. నేను ఇస్త్రీ అత్త అనేదాన్ని. భారీ మనిషి. మన భాషని రెండేళ్ళలో నేర్చుకుని చిన్న చిన్న ముక్కలుగా మాట్లాడేది. మరుసటి సాయంత్రం తన వైపు ఆడవాళ్ళని ఇద్దరిని వెంటబెట్టుకుని పైకొచ్చింది. మానేసిన ఇద్దరి చోట్లలో వాళ్ళిద్దరినీ అమ్మ నిలబెట్టింది. ఇస్త్రీ అత్త వలయాన్ని ఒకసారి కలియజూసి, ఎవరూ చెప్పకుండానే నేరుగా వచ్చి పిన్ని చోట్లో నిలబడి నా చెయ్యి పట్టుకుంది. పొద్దంతా ఇస్త్రీ పెట్టె పట్టిన చెయ్యేమో, కాలుతోంది.

"అక్కడ మనిషి ఉంది" అంది అమ్మ.

"ఎవరు? నాకు కనబడలేదు."

"నా చెల్లెలు."

ఇస్త్రీ అత్త అమ్మ ముఖం చూసింది, కొక్కేనికున్న నీలం గౌను చూసింది. చెయ్యి మాత్రం వదల్లేదు. "వలయంలో ఖాళీ ఉంచకూడదు టీచరమ్మా. మా వైపు ఉంచరు. ఉంచితే పోయినవాళ్ళు వచ్చి నిలబడతారు."

"రావాలనే ఉంచాం."

"వస్తే పోరు."

"పొమ్మని ఎవరన్నారు?"

డోలు తాత దగ్గాడు. ఇస్త్రీ అత్త మెల్లగా నా చెయ్యి వదిలి, ఖాళీలోంచి బయటికి వచ్చింది. "ఆ చోటైతే ఆడతాను. ఇంకెక్కడా ఆడను" అని చెప్పి వెళ్ళి మెట్ల మీద కూర్చుంది. ఆలస్యంగా వచ్చినవాళ్ళు కూర్చునే చోటది. ఆ రోజు నుంచి ప్రతి సాధనకీ వచ్చి అక్కడే కూర్చునేది. పిన్ని చోటుని కాదు, అమ్మని చూసేది.

ఇంకో పేచీ చప్పట్ల దగ్గర వచ్చింది. వాళ్ళ నాట్యం చివర అందరూ ఒక్కసారిగా చేతులు విడిచి ఒకే ఒక్క చప్పట కొడతారు. మాది అలా కాదు. చివర చేతులు విడవకుండా, గుప్పిళ్ళు విప్పకుండా, మెల్లగా కిందికి దించుతాం. ముగింపు చప్పటతోనే ఉండాలని అధికారి కబురు పంపాడు.

"కొట్టను" అంది అమ్మ.

ఇంట్లో అమ్మ మారిపోతోంది. అదీ ఒక్కసారిగా కాదు. అమ్మ టీలో చక్కెర వేసుకునేది కాదు. ఒకరోజు చూస్తే మూడు చెంచాలు వేసుకుని, కలపకుండా తాగి, అడుగున మిగిలిన చక్కెరని వేలితో నాకుతోంది. అమ్మకి పాట రాదు. స్నానాల గదిలోంచి కూనిరాగం వినబడేది. బయటికి వెళ్ళేటప్పుడు ఎడమకాలి చెప్పు కుడికాలికి వేసుకుని, చూసుకుని నవ్వేది. కుడిచెయ్యి చల్లబడిపోయింది. వేడినీళ్ళలో ముంచి ఉంచినా వెచ్చదనం ఎక్కేది కాదు. భోజనానికి పిలిస్తే అందరం తిని లేచాక వచ్చేది, వచ్చి రెండు ముద్దలు తిని "ఆకలి తీరిపోయింది" అనేది. మెడ దగ్గర ఎముకలు బయటపడ్డాయి.

డాక్టరు చూసి రక్తహీనత అన్నాడు. నాన్న మందులు తెచ్చాడు. ఆ మధ్యాహ్నం వాన జోరుగా పడుతుంటే నన్ను షాపులోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు. బల్ల మీద పిన్ని నీలం గౌను పరిచి ఉంది.

"ఈ అంచు చూడు తల్లీ."

చూశాను. గౌను అడుగు అంచంతా నలిగి, పోగులు లేచి ఉంది. నేలకి రాసుకుంటూ తిరిగిన గౌన్లకి అలా అవుతుంది. నా గౌనుకీ అంతే.

"ఏటా ఇంతే. ఏటా కొత్త అంచు వేస్తాను, వానాకాలం అయ్యేసరికి ఇలా తయారవుతుంది. కొక్కేనికి వేలాడే గౌను." నాన్న గొంతు తగ్గించాడు. "మొదట్లో ఎలుకలనుకున్నాను."

"మరి అమ్మకి చెప్పలేదా?"

"చెప్తే సంతోషిస్తుంది. అందుకే చెప్పలేదు."

నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఎప్పుడూ ఏదో ఒక చమత్కారం ఆడే మనిషి, ఆ రోజు ఆడలేకపోయాడు. "ఇన్నేళ్ళూ మీ పిన్ని వచ్చి వెళ్ళేది. పోనీలే, అక్కాచెల్లెళ్ళు అనుకున్నాను. ఈ ఏడు అది రావడం కాదు, మీ అమ్మే అటు వెళ్తున్నట్టుంది. నాకు భయంగా ఉంది" అన్నాడు.

అక్కడినుంచి నేను పక్క షాపుకి వెళ్ళాను. ఇస్త్రీ అత్త దుప్పటి మీద నీళ్ళు చిలకరిస్తోంది. నన్ను చూసి పెట్టె నిలబెట్టి, ఏమీ అడక్కుండా నా ఎడమచెయ్యి తీసుకుని తన చెంపకి ఆనించుకుంది.

"చల్లగా ఉంది. నీకు కూడా మొదలైంది" అంది.

"అత్తా, వలయంలో నా చేతికి బరువు తెలుస్తుంది." జీవితంలో మొదటిసారి ఆ మాట పైకి అన్నాను. అనేసి బట్టల మూట మీద కూర్చున్నాను.

"తెలుస్తుంది. మెట్ల మీంచి నాకు కనిపిస్తోంది. నీ భుజం వంగుతుంది. అమ్మ భుజం ఇంకా వంగుతుంది."

"ఆవిడ చెడ్డదా?"

"ఛ. చెడ్డదెందుకు? పిల్ల అది. పట్టుకున్నారు, ఉండిపోయింది. ఎవరూ వదలకపోతే ఎలా పోతుంది?" పెట్టె తీసి దుప్పటి మీద నడిపింది. ఆవిరి లేచింది. "మా వైపు చప్పట ఎందుకు కొడతారు, నీకు తెలుసా? జోరు కోసం కాదు. చప్పట కొట్టాలంటే రెండు చేతులూ ఖాళీ కావాలి. ఆ చేతులు చూసి, లోపలికి ఎవరైనా వచ్చి ఉంటే, ఇక చాలు అనుకుని పోతారు."

"మీరెప్పుడైనా..."

"మా తమ్ముడికి. నీళ్ళు వచ్చిన ఏడు." ఆవిడ దుప్పటి మడత పెట్టి పక్కన ఉంచింది. "వలయంలో వాడి చెయ్యి నాకు తెలిసింది. వదలాలని లేదు. మా అమ్మ పక్కనుంచి కొట్టవే, కొట్టవే అంది. కొట్టాను. ఆ తర్వాత ఎప్పుడూ తెలియలేదు."

"బాధపడ్డారా?"

"ఇప్పటికీ" అంది ఇస్త్రీ అత్త.

ప్రదర్శన దగ్గరపడింది. ఆ సాయంత్రం ఆకాశం మబ్బు పట్టి హాల్లో దీపాలు ముందే వెలిగించాం. అమ్మ మళ్ళీ ఆలస్యంగా వచ్చి తన చోట్లో నిలబడింది. డోలు మొదలైంది. వలయం కదిలింది. నా ఎడమచేతిలోకి బరువు వచ్చింది, వెనక్కి లాగడం మొదలుపెట్టింది. కొంచెంసేపటికి తెలిసింది, లాగుతున్నది ఒక్క చెయ్యి కాదు. అమ్మ అడుగు కూడా తాళానికి వెనక పడుతోంది. తాళం తప్పినవాళ్ళని ఏడిపించి వదిలిపెట్టే మా అమ్మ, అచ్చం ఒక అర వెనక, అందంగా, ఏమీ పట్టనట్టు ఆడుతోంది. వలయంలో ఎదుటి వైపు ఆడుతున్న స్కూలు పంతులమ్మ ముఖం పాలిపోయింది. తాత తాళాన్ని నెమ్మది చేసి అమ్మని అందుకోవాలని చూశాడు. నెమ్మది చేసిన కొద్దీ అమ్మ ఇంకా వెనకబడింది. చివరికి తాత వాయించడం ఆపేశాడు.

అమ్మ ఖాళీ మీదుగా నన్ను చూసింది. అచ్చం వయసులో ఉన్నప్పటి అమ్మలా ఉంటానని నన్ను అందరూ అంటారు.

"అక్కా, అంత తొందరేంటే? నాకోసం ఆగవే" అంది.

ఖాళీని దాటి వెళ్ళి, అమ్మ రెండు భుజాలూ పట్టుకున్నాను. "అమ్మా, నేను. నీ కూతుర్ని."

అమ్మ కళ్ళు నన్ను వెతుక్కుంటూ వచ్చినట్టు వచ్చాయి. వచ్చాక చుట్టూ చూసింది. ఎవరూ ఏమీ చెప్పకపోయినా ఆమెకి అర్థమైంది. నేల మీద కూర్చుండిపోయింది.

"వదిలెయ్యమ్మా" అన్నాను. "నువ్వు పోతున్నావు. నాకు పిన్ని వద్దు, నువ్వు కావాలి." అలా అన్నందుకు సిగ్గుపడలేదు, ఇప్పటికీ పడను.

"నేను వదిలితే అదెక్కడికి పోతుందే?" అంది అమ్మ. చిన్నపిల్లలా అడిగింది. "దానికి దారి కూడా తెలీదు. ఎక్కడికెళ్ళినా నా వెనకే వచ్చేది."

మెట్ల మీంచి ఇస్త్రీ అత్త లేచి వచ్చి, అమ్మ పక్కన నేల మీద కూర్చుని, ఆ చల్లటి కుడిచేతిని తన రెండు చేతుల్లో పెట్టుకుంది. బయట వాన పెద్దదై, తగ్గి, ఆగేదాకా అలాగే కూర్చున్నారిద్దరూ.

మర్నాడు నేను నాన్నకి టీ ఇవ్వడానికి షాపుకి వెళ్ళేసరికి అమ్మ అక్కడ నిలబడి ఉంది. బల్ల మీద నీలం గౌను పెట్టింది.

"నడుం దగ్గర కుట్లు విప్పి వదులు చెయ్యండి. చేతులు కూడా" అంది.

నాన్న ఆమె ముఖంలోకి చూశాడు. "ఎంత వదులు?"

"ఆవిడకి పట్టాలి."

నాన్న టేపు మెడలో వేసుకుని కొలతలకి పక్క షాపుకి వెళ్ళాడు. లోపల మడిచి కుట్టిన గుడ్డ మొత్తం విప్పినా చాలక, పక్కల్లో కొత్త గుడ్డ వేయాల్సి వచ్చింది. కొత్త నీలం పాత నీలంతో కలవలేదు. ఇస్త్రీ అత్త ఆ గౌనుని తనే ఇస్త్రీ చేసుకుంటానంది. గుడ్డ మీద చెయ్యి పెట్టి, పెట్టె పక్కకి జరిపి, నన్ను పిలిచి పట్టుకోమంది. పెట్టె ఇంకా తగలనే లేదు, అయినా గౌను వెచ్చగా ఉంది, ఒంటి మీంచి ఇప్పుడే విడిచినట్టు.

ప్రదర్శన మధ్యాహ్నం. హాలు నిండిపోయింది. మా వీధివాళ్ళు ఒక వైపు, కొత్తవాళ్ళు ఒక వైపు కూర్చోబోతే ఇస్త్రీ అత్త గదమాయించి కలిపి కూర్చోబెట్టింది. అధికారి ఫోటో తీసేవాణ్ణి వెంటబెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. నాన్న తలుపు దగ్గర నిలబడ్డాడు. కొక్కెం ఖాళీగా ఉంది.

ఇస్త్రీ అత్త పిన్ని చోట్లో నిలబడి నా చెయ్యి పట్టుకుంది. అటు అమ్మ చెయ్యి పట్టుకుంది. ఇన్నేళ్ళలో మొదటిసారి వలయం నిండింది. డోలు మోగింది, కదిలాం. ఆవిడ అడుగు బరువుకి చెక్క నేల కిర్రుమంటోంది. మొదటి చుట్టులోనే నాకు తెలిసింది. ఆవిడ వేడి చేతికీ నా చేతికీ మధ్య ఇంకొకటి ఉంది, సన్నగా, చల్లగా. ఆవిడ నా వైపు తిరిగి చూసి, తెలుసన్నట్టు రెప్ప వేసింది. అమ్మ వంక చూడ్డానికి నాకు ధైర్యం చాలలేదు. అడుగులు మాత్రం విన్నాను. అమ్మ అడుగు వెనకే పడుతోంది. చుట్టు తర్వాత చుట్టు, ఇస్త్రీ అత్త ఆ చేతిని తాళంలోకి లాగుతూనే ఉంది. అమ్మ వస్తున్నట్టే వచ్చి జారిపోతోంది. ముగింపు దగ్గరికి వచ్చేశాం. అమ్మ ఇప్పుడు వదలకపోతే ఇక ఎప్పటికీ వదలదని నాకు గట్టిగా అనిపించింది. డోలు జోరందుకుని ఆగింది.

చేతులు విడివడ్డాయి. మిగతావాళ్ళ చేతులు పైకి లేచి ఆగాయి. అమ్మ కుడిచెయ్యి ఇంకా ఇస్త్రీ అత్త చేతిలోనే ఉంది, వేళ్ళు తెల్లబడేలా బిగిసి ఉంది. అమ్మ నన్ను చూసింది. వేళ్ళు ఒక్కొక్కటీ విప్పింది.

చప్పట కొట్టాం. ఒకటే శబ్దం, అమ్మదీ అందులో ఉంది.

దాని వెనక, ఒక అర తర్వాత, ఇంకో చప్పట వినిపించింది. చిన్నది, పల్చటి చేతులది. ఇస్త్రీ అత్త వైపు చూశాను. ఆవిడ చేతులు అప్పటికే దించేసుకుని ఉంది.

అమ్మ నవ్వింది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. "ఎప్పుడూ ఇంతే దీనితో" అంది.

జనం ఒక్కసారిగా చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు, ఆ గోలలో ఇంకేమీ వినబడలేదు. నేను నా ఎడమచెయ్యి తెరిచి చూసుకున్నాను. తేలిగ్గా ఉంది. ఆ తేలికకి నాకు ఏడుపొచ్చింది, అది నేను అనుకోలేదు.

అధికారి వచ్చి అమ్మకి నమస్కారం పెట్టాడు. ఫోటోలు బాగా వచ్చాయట. హాలు మీకే ఉంటుందన్నాడు. వెళ్ళబోతూ ఆగి, "ఒక్క చిన్న లోపం టీచరుగారూ. చివర్లో ఎవరో చప్పట ఆలస్యంగా కొట్టారు. వచ్చే ఏడాదికి అది చూసుకోండి" అన్నాడు.

అమ్మ కొక్కెం వైపు చూసింది.

"వచ్చే ఏడాది ఉండదులెండి" అంది.

తర్వాత నా చెయ్యి పట్టుకుని, తనే ముందు, మెట్లు దిగింది. చెయ్యి వెచ్చగా ఉంది.